ఊపిరికో పాదం

సీతారత్నం గారి కవితలు ఎలా పుడతాయో తెలియకపోతే ఆ నవంబర్‌లో నేను ఎందుకంత వణికిపోయానో అర్థం కాదు, కాబట్టి ముందు అదే చెప్పేస్తా.

రేకపల్లి సీతారత్నం గారు పెన్ను పట్టుకోరు. నిజంగా! ఆరు పుస్తకాలు, ఇంటినిండా శాలువాలు, డిగ్రీలో మాకు పాఠం, హైదరాబాద్‌లో మా కాలేజీకి వచ్చిన రోజు ఆడిటోరియంలో నేలమీద కూడా జాగా లేక నేను తలుపు పట్టుకుని వేలాడుతూ విన్నా. అంత పెద్ద కవి ఒక్క అక్షరం కూడా తన చేత్తో రాయరు. గదిలో అటూ ఇటూ నడుస్తూ నోటితో చెప్తారు, ఇంకొకళ్ళు రాసుకోవాలి. దానికి రూల్ ఒక్కటే. ఊపిరికో పాదం. ఆవిడ గాలి పీల్చుకోవడానికి ఎక్కడ ఆగితే అక్కడ లైన్ విరగాలి. అర్థం మధ్యలో తెగినా సరే, చూడ్డానికి బాలేకపోయినా సరే. "నువ్వు సర్దావంటే అది నీ కవితే పిల్లా, నాది కాదు" అని మొదటిరోజే వార్నింగ్ ఇచ్చారు నాకు.

అందుకే ఆవిడ లైన్లు అంత పొడుగు. పేజీ చాలక కిందికి మడతపడతాయి. మేమందరం ఫెస్ట్‌లో పందెం కట్టేవాళ్ళం, సీతారత్నం పాదం ఒక్క ఊపిరిలో ఎవరు చదువుతారని. సగానికే అందరం దగ్గేసేవాళ్ళం. ఆవిడ మాత్రం డెబ్బై దాటాక కూడా నడుస్తూ, చేతులూపుతూ, హాయిగా చెప్పేసేవారు.

రాజమండ్రిలో అన్నేళ్ళూ రాసిపెట్టింది ఆవిడ ఫ్రెండ్ శాంత గారు. సీతారత్నం గారు కొలోన్‌లో కొడుకు విక్రాంత్ దగ్గరికి వచ్చి, ఫ్లైట్లు ఆగిపోయి ఇరుక్కుపోయాక కూడా ఫోన్లోనే చెప్పేవారట, శాంత గారు రాసుకునేవారట. ఆగస్టులో శాంత గారికి కోవిడ్ వచ్చింది. చీర మార్చుకుని, చేతిసంచి పట్టుకుని, తనే నడుచుకుంటూ అంబులెన్స్ ఎక్కారు. మళ్ళీ రాలేదు. మొహం కూడా ఎవరికీ చూపించలేదు.

సెప్టెంబర్‌లో విక్రాంత్ గారు జర్మనీ తెలుగువాళ్ళ గ్రూపులో మెసేజ్ పెట్టారు, అమ్మ వాయిస్ మెసేజ్‌లు టైప్ చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. నేను ఆకెన్‌లో మాస్టర్స్, క్లాసులన్నీ ఆన్‌లైన్, రోజంతా రూమ్‌లో నూడుల్స్ తింటూ పడున్నా. ఆ మెసేజ్ చూసి నేను పెట్టిన రిప్లై ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తుంది, అన్నీ ఆశ్చర్యార్థకాలే.

"ఏం పిలుస్తావే నన్ను?" అని అడిగారు మొదటి కాల్‌లో.

"మేడం అని..."

"మేడం అంటే లెక్కల టీచర్‌లా ఉంటుంది. వద్దు."

"అమ్మమ్మా అననా?"

"చంపేస్తాను."

చివరికి పెద్దమ్మ దగ్గర సెటిల్ అయ్యాం.

నవంబర్ మొదట్లో విక్రాంత్ గారి బాబు వెళ్ళే డేకేర్, ఇక్కడ కీటా అంటారు, దాన్నుంచి ఫోన్ వచ్చింది, అక్కడ ఆయమ్మకి పాజిటివ్ అని. ఇంట్లో అందరూ క్వారంటైన్ అయ్యేలోపు పెద్దావిడని దూరంగా పెడదామని విక్రాంత్ గారు తొందరపడిపోయారు. మా బిల్డింగ్‌లోనే పై ఫ్లోర్‌లో ఆయన ఫ్రెండ్ దశరథ్ గారి ఫ్లాట్ ఖాళీ, ఆయన ఇండియా వెళ్ళి అక్కడే ఆగిపోయారు. సరే అని పెద్దమ్మని కార్లో తెచ్చి అందులో దింపేశారు. నేనైతే గాల్లో ఉన్నా! నా తలమీద ఫ్లోర్‌లో సీతారత్నం! సీలింగ్‌లోంచి ఆవిడ నడక వినిపిస్తోంది! కానీ అప్పటికే ఆవిడకి అంటుకుందని ఎవరికి తెలుసు. కొద్దిగా జ్వరం, కొద్దిగా దగ్గు, టెస్ట్ చేస్తే పాజిటివ్. అటు కొలోన్‌లో విక్రాంత్ గారికీ, భార్య రాజ్యశ్రీ గారికీ కూడా పాజిటివ్. వాళ్ళు కదల్లేరు. డాక్టర్ ఫోన్లో ఇంట్లోనే ఉండమన్నాడు, ఊపిరి కష్టమైతే మాత్రం వెంటనే అంబులెన్స్ పిలవమన్నాడు. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ ఆర్డర్ చేశాం, అది రావట్లేదు, ఊరంతా అదే కొంటున్నారు.

సో నా డ్యూటీ ఏంటంటే, చారూ అన్నం చేసి పెద్దమ్మ గుమ్మం ముందు పెట్టడం, బెల్ కొట్టి మెట్లమీదికి దిగిపోవడం.

"ఊపిరి ఎలా ఉంది పెద్దమ్మా?" అని మెట్లమీంచి అరిచేదాన్ని.

"బ్రహ్మాండంగా ఉంది. నీ చారే బాలేదు."

దానికి నవ్వుకుని కిందికి వచ్చేసేదాన్ని.

అప్పుడే కవితలు మొదలయ్యాయి. శాంత గారు పోయాక ఆవిడ నాకు చెప్పినవి ఒకటో రెండో. ఇప్పుడు రోజూ వాయిస్ మెసేజ్! మొదటిది ఇలా ఉంది:

కిటికీ అవతల పేరు తెలియని చెట్టొకటి ఆకులన్నీ ఒక్కసారే వదిలేసి ఎవరికీ చెప్పకుండా ఒంటరిదవుతోంది

అంతా ఒక్క లైన్. పక్కా సీతారత్నం. ఆవిడ పర్మిషన్‌తో ఆవిడ పేరుమీద మేం నడిపే అభిమానుల పేజీలో పెట్టా. తర్వాత వచ్చినవి కొంచెం పొట్టివి. హీటర్ గురించి ఒకటి:

గోడపక్కన పడుకుంటే హీటర్లో నీళ్ళ నడక
నాకంటే ముందు ఎవరో లేచి
పనులు మొదలుపెట్టినట్టు

ఇది పెడితే పేజీ ఊగిపోయింది. జగన్మోహన్ గారని రిటైర్డ్ తెలుగు లెక్చరర్, ఆవిడ కవిత్వం మీద పుస్తకం రాసిన మనిషి, ఆయన ఇంత పొడుగు కామెంట్ పెట్టారు. పరదేశంలో కవి మాటని పొదుపు చేయడం నేర్చుకుందనీ, ఇది కొత్త దశ అనీ. నేను ఆ కామెంట్‌ని స్క్రీన్‌షాట్ తీసి నా ఫ్రెండ్స్ అందరికీ పంపా. కొత్త దశ! దాన్ని టైప్ చేస్తున్నది నేను! పైకి వెళ్ళి తలుపు బయటినుంచి చదివి వినిపిస్తే పెద్దమ్మ మురిసిపోయారు కూడా.

"పొదుపంటాడా? వాడికేం తెలుసే. అయినా పర్లేదు, బాగుంది, ఇంకోసారి చదువు."

ఆ తర్వాత ఇంకా పొట్టివి. నేను ఇంకా స్పీడుగా పోస్ట్ చేస్తున్నా. పైన నడక చప్పుడు తగ్గింది. మధ్యాహ్నాలు పడుకుంటున్నారేమో అనుకున్నా. అసలు నేను ఎంత గుడ్డిగా ఉన్నానంటే, ఆవిడ మెసేజ్‌లో రెండు మాటల మధ్య ఆ గాలి చప్పుడు హెడ్‌ఫోన్స్‌లో అంత దగ్గరగా వింటూ కూడా, కరెక్ట్‌గా అక్కడ ఎంటర్ కొడుతున్నా. ఎంటర్. ఎంటర్. ఎంటర్.

ఆ రోజు పొద్దున్న వచ్చిన కవిత టైప్ చేసి, అన్నీ కలిపి ఒకే ఫైల్‌లో పెట్టి విక్రాంత్ గారికి పంపుదామనుకున్నా. పేజీలు సరిగ్గా వచ్చాయో లేదో చూద్దామని స్క్రీన్‌మీద అన్ని పేజీలూ ఒకేసారి కనిపించేలా చిన్నవి చేశా. అక్షరాలు కనపడట్లేదు, నల్లటి ఆకారాలే కనపడుతున్నాయి. మొదటి పేజీ ఈ అంచునుంచి ఆ అంచుదాకా నిండుగా ఉంది. తర్వాతది కొంచెం సన్నం. తర్వాతది ఇంకా సన్నం. చివరి పేజీలో ఎడమపక్కన ఒక సన్నటి పుల్ల, పైనుంచి కిందికి, అంతే. మిగతాదంతా తెలుపు.

నేను చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నా.

ఊపిరికో పాదం.

అది శైలి కాదు. కొత్త దశ కాదు. ఆవిడ ఊపిరి. నేను ఆవిడ ఊపిరి అయిపోతుండడాన్ని వరసగా టైప్ చేసి, హార్ట్ ఎమోజీతో జనానికి చూపిస్తున్నా. వాళ్ళు చప్పట్లు కొడుతున్నారు.

చెప్పుల్లేకుండా పైకి పరిగెత్తి బెల్ కొట్టా.

"పెద్దమ్మా! తలుపు తియ్యండి!"

చాలాసేపటికి, "ఏవైందే" అని లోపలినుంచి. తలుపు దగ్గరికి రాలేదు.

"మీకు ఆయాసంగా ఉందా?"

"లేదు."

"నిజం చెప్పండి. మెట్లెక్కినట్టు ఉందా?"

"ఏ మెట్లు... ఇక్కడ... మెట్లెక్కడివి."

వింటున్నారా? నాలుగు మాటలకి మూడు ముక్కలు. ఇన్ని రోజులూ ఇదే విన్నా నేను, మూడ్‌లో ఉన్నారు అనుకున్నా.

విక్రాంత్ గారికి ఫోన్ చేశా. ఆయన దగ్గుతూ, "అదేంటి, పొద్దున్నే మాట్లాడాను, బానే ఉన్నానంది కదా" అన్నారు. ఫైల్ గురించి, లైన్ల గురించి చెప్పా, నాకే పిచ్చిదాని మాటల్లా వినిపిస్తోంది. ఆయన, "మా అమ్మ నాతో ఎప్పుడూ ఊ, ఆ, అనే మాట్లాడుతుంది స్నిగ్ధా. నాకు తెలియలేదు. అంబులెన్స్ పిలువు. నేను అక్కడ లేను, నువ్వే చూడాలి" అన్నారు.

112కి ఫోన్ చేశా. నా జర్మన్ బేకరీలో బ్రెడ్ కొనుక్కునే జర్మన్. ముసలావిడ, కొరోనా, ఊపిరి లేదు, అడ్రస్, ప్లీజ్ ప్లీజ్. ఇదే నాలుగుసార్లు చెప్పినట్టున్నా. వస్తున్నామన్నారు.

పైకి వెళ్ళి తలుపుకి మొహం ఆనించి చెప్పా. "పెద్దమ్మా, అంబులెన్స్ వస్తోంది."

లోపల టక్‌మని తాళం తిరిగింది.

నా దగ్గర స్పేర్ తాళంచెవి ఉంది కానీ లోపల తాళంచెవి అలాగే ఉంచేస్తే బయటినుంచి ఏం చేసినా తెరుచుకోదు ఇక్కడి తలుపు.

"పెద్దమ్మా!"

"నేను పోను."

"ఊపిరి తగ్గిపోతోంది మీకు!"

"నువ్వు డాక్టరువా? ఇనుప ముక్కల... చదువు కదా నీది."

"మెటీరియల్స్ ఇంజనీరింగ్!"

"అదే... ఇనుము." కాస్త ఆగి, "అది నా శైలి" అన్నారు. "జగన్మోహన్... చెప్పాడుగా."

"ఆయన మొహం! ఆయనకేం తెలుసని మీరే అన్నారు!"

పెద్దమ్మ ఈసారి చాలా చిన్నగా, చిన్నపిల్ల మాట్లాడినట్టు, "శాంత కూడా... ఇలాగే వెళ్ళింది పిల్లా. నాకు ఫోన్ చేసి... సాయంత్రం మాట్లాడదాం అంది. అక్కడ ఎవరూ లేరు దానికి. నాకైతే... భాష కూడా లేదు. నిద్రపుచ్చేస్తారు... మూటకట్టేస్తారు. నన్ను ఇక్కడే... ఉండనీ."

నాకు ఏడుపు ఆగట్లేదు. ఎందుకంటే ఆవిడ చెప్పిందాంట్లో అబద్ధం ఏముంది? ఆవిడ అక్కడికి వెళ్ళి తిరిగి రాకపోతే పంపింది నేనవుతా. పంపకపోతే తలుపవతల కూర్చుని వింటూ ఉన్నది నేనవుతా.

కింద డోర్ తీసిన చప్పుడు, బరువైన బూట్లు. ఇద్దరు, నిలువెల్లా పసుపు సూట్లు, కళ్ళద్దాలు, మాస్కులు, మనుషుల్లా లేరు. వాళ్ళని చూస్తే నాకే పారిపోవాలనిపించింది. ఒకతను తలుపు కొట్టి గట్టిగా ఏదో అన్నాడు. తలుపు తెరుచుకోలేదు. రెండో ఆవిడ నాతో మెల్లగా, ఇంగ్లీష్‌లో చెప్పింది, స్పృహలో ఉన్న మనిషి వద్దంటే బలవంతంగా ఎత్తుకెళ్ళలేం, తలుపు పగలగొట్టడానికి వేరేవాళ్ళని పిలవాలి, టైం పడుతుంది, మీ అమ్మమ్మతో మీరే మాట్లాడండి. ఏం మాట్లాడను? చెప్పాల్సినవన్నీ చెప్పేశా.

ఫోన్ నా చేతిలోనే ఉంది. అందులో పొద్దుటి కవిత ఓపెన్ చేసి ఉంది. అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. ఆవిడకి కంటిలో శుక్లాలు, నేను టైప్ చేసినవి ఆవిడ ఎప్పుడూ చూడలేదు. తలుపు బయటినుంచి నేను చదివిందల్లా జగన్మోహన్ గారి కామెంటే. ఆవిడ కవితని ఆవిడకి ఎవరూ వినిపించలేదు.

"పెద్దమ్మా, పొద్దున పంపింది చదువుతా. తప్పులుంటే చెప్పండి. చెప్పాక వెళ్ళిపోతా."

"చదువు" అన్నారు. దీనికి మాత్రం వెంటనే ఒప్పుకున్నారు.

చదివా. ఒక్క లైన్ కూడా సర్దలేదు. ఆవిడ గాలి పీల్చిన ప్రతిచోటా నేనూ గాలి పీల్చా, ఆవిడలాగే, నోటితో, చప్పుడయ్యేలా.

గోడ వెచ్చగా
ఉంది
లోపల
నీళ్ళు
నడుస్తున్నాయి
నేను
ఇవతల
కూర్చుని
వింటున్నా
ఎవరో ఒకరు
నడవాలి
కదా

సగంలోనే నాకు తల తిరిగింది. అంత తొందర తొందరగా పీలిస్తే ఛాతీ నొప్పిగా ఉంది. మెట్లమీద ఆ ఇద్దరూ కదలకుండా నిలబడి చూస్తున్నారు. భాష తెలియకపోయినా నేను ఏం చేస్తున్నానో వాళ్ళకి అర్థమైనట్టుంది, పసుపు సూటావిడ గ్లవ్ వేసుకున్న చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అలా... ఎందుకు ఆగుతున్నావే" అన్నారు పెద్దమ్మ. గొంతు తలుపుకి బాగా దగ్గరగా వచ్చింది.

"మీరు ఆగినచోటే ఆగుతున్నా."

"అబద్ధం."

"నేను సర్దలేదు పెద్దమ్మా. మీరు సర్దొద్దన్నారు."

ఆవిడ ఊపిరి తలుపు చెక్కలోంచి వినిపిస్తోంది.

"అంత... దగ్గర దగ్గరగానా?"

"అంత దగ్గరగానే."

"నాకు... తెలియట్లేదే. నాకు బానే... అనిపిస్తోంది" అన్నారు. మొట్టమొదటిసారి ఆ గొంతులో భయం విన్నా. రోగమంటే భయం కాదు, తన ఒళ్ళు తనకే అబద్ధం చెప్తోందని తెలిసినప్పటి భయం. తాళం తిరిగింది.

ఆవిడ శుభ్రంగా తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. పెదాలు మాత్రం నేరేడుపండు తిన్నట్టున్నాయి. పసుపు సూటావిడ వేలికి క్లిప్ పెట్టింది. నంబర్ చూసి ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఎన్ని మార్కులు?" అని నన్నడిగారు పెద్దమ్మ.

"పాసవలేదు పెద్దమ్మా."

"లెక్కల్లో... ఎప్పుడూ అంతే."

మాస్క్ పెట్టేశారు. నేను కూడా వస్తానంటే కుదరదన్నారు. చక్రాల కుర్చీలో కట్టి మెట్లు దింపుతుంటే ఆవిడ నావైపు చెయ్యి చాపారు, నేను దూరంగా గోడకి అతుక్కుని నిలబడ్డా, ముట్టుకోకూడదన్నారు. ఆ చెయ్యి అలాగే గాల్లో కొంతసేపు ఉండి ఒళ్ళోకి పడిపోయింది. ఆ సీన్ నేను ఎంత ప్రయత్నించినా మర్చిపోలేకపోతున్నా.

సాయంత్రం హాస్పిటల్ నుంచి డాక్టర్ ఫోన్. విక్రాంత్ గారిని కూడా లైన్లో కలిపారు కానీ ఆయన దగ్గుతో ఒక్క వాక్యం పూర్తి చేయలేకపోతున్నారు, సో చెప్పాల్సింది నేనే. డాక్టర్ మెల్లగా, ఇంగ్లీష్‌లో చెప్పాడు. రాత్రికి తగ్గకపోతే నిద్రపుచ్చి గొంతులోకి గొట్టం వెయ్యాల్సి రావచ్చు, ఈ వయసులో అందరూ లేవరు, ఆవిడ ఒప్పుకుంటారా, అడగండి. ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టారు. ఆక్సిజన్ బుస్సుమంటోంది.

నేను కొంచెం మెత్తగా మార్చి చెప్పొచ్చు. ఎవరికీ తెలియదు. "ఏం కాదు పెద్దమ్మా, చిన్న గొట్టం" అంటే అయిపోతుంది. కానీ ఆ మనిషికి సర్ది చెప్పడం నాకు చేతకాలేదు. ఉన్నదున్నట్టు చెప్పా, లేవరేమో అన్న మాటతో సహా.

చాలాసేపు బుస్సు చప్పుడే.

"వాడేమన్నాడు... విక్రాంత్?"

"అమ్మా, నీ ఇష్టం" అన్నారు విక్రాంత్ గారు, ఎలాగో.

"సరే... అను" అన్నారు పెద్దమ్మ. "భయంగా ఉంది. అది కూడా... చెప్పు అతనికి."

చెప్పా. డాక్టర్, "తెలుసని చెప్పండి" అన్నాడు.

ఆ తర్వాత నేను ఫోన్ చేతిలో పట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నా. మా పేజీలో కింద ఎవరో అడుగుతున్నారు, కొత్త కవిత ఎప్పుడు అని. ఆ కవితలన్నీ తీసేశా. పైన ఏ చప్పుడూ లేదు.

పొద్దున్నే హాస్పిటల్ నంబర్ మోగింది. స్క్రీన్ చూసి నాకు చెయ్యి రాలేదు. ఎత్తితే నిజం అయిపోతుంది. ఎత్తకపోతే విక్రాంత్ గారికి చేస్తారు. ఎత్తా.

ఒక నర్సు. గొంతులో బాగా అలసట. మీ అమ్మమ్మ అందర్నీ ఒకటే మాట అడుగుతున్నారు, మాకెవరికీ అర్థం కావట్లేదు, నొప్పేమోనని భయంగా ఉంది, కొంచెం కనుక్కోండి అని ఇంగ్లీష్‌లో అంది.

"గొట్టం... గొట్టం వేశారా?"

"లేదు, ఇంకా లేదు. మాస్క్‌తోనే ఉన్నారు. ఈ రోజు ఎలా ఉంటుందో చూడాలి."

ఫోన్ ఇచ్చింది.

"పెద్దమ్మా? ఏం కావాలి? ఎక్కడ నొప్పి?"

"నొప్పి కాదే." బుస్సు. "ఈ పిల్ల... రాత్రంతా... నా చెయ్యి పట్టుకుని... కూచుంది." బుస్సు. "పేరు అడిగితే... చెప్పదు. ఏమిటో... కనుక్కో."

నేను నర్సుని అడిగా, రాత్రంతా చెయ్యి పట్టుకున్నది మీరేనా, మీ పేరు కావాలట అని. ఆవిడ ముక్కు ఎగబీల్చి చెప్పింది. మిరియం.

"మిరియం అట పెద్దమ్మా."

"మిరి... యం" అన్నారు పెద్దమ్మ. మళ్ళీ గాలి పీల్చుకుని, నాతో కాదు, ఆ అమ్మాయితో, ఇంకోసారి అన్నారు.